ప్రతి ‘పడు’ వెనకా ఒక ‘పెట్టు’

2014 వేసవిలో ఒక ఉదయం, సీతమ్మధారలో మా ఇంట్లో పనిచేసే ఆమె అంట్లు తోమటం ఆపి, చేతులు తుడుచుకుని, చీర కొంగులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీసింది. "అమ్మా, మా పిల్ల గురించి ఏసినారంట. ఏటి రాసినారో సదవండమ్మా" అంది. జిల్లా పేజీలో అడుగున మూడు లైన్ల వార్త. ప్రమాదవశాత్తు నూతిలో పడి వివాహిత మృతి అని శీర్షిక. ఊరు పేరు, వయసు, కేసు నమోదు చేసిన స్టేషను పేరు, అంతే. చదివాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పడిపోయిందని రాసినారా? అది పడనేదమ్మా. మూడేళ్లుగా ఆ నూతిలోనే నీళ్లు తోడతంది. ఇయ్యాల కొత్తగా పడిపోద్దా? తోసీసినారు."

చనిపోయింది ఆవిడ అక్క కూతురు. ఆ రాత్రి ఏం జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. తోశారో, తోసినంత పనిచేస్తే తనే దూకిందో, నిజంగానే కాలు జారిందో నేను చెప్పలేను. కానీ ఒకటి చెప్పగలను. పత్రిక ఆ మూడు లైన్లు అచ్చు వేసేటప్పటికి పోస్టుమార్టం నివేదిక రాలేదు. తల్లి వాంగ్మూలం ఎవరూ తీసుకోలేదు. విచారణ మొదలు కాకముందే ఒక క్రియాపదం తీర్పు చెప్పేసింది. ఆ క్రియాపదం ‘పడు’.

పదిహేనేళ్లుగా నేను సమాజశాస్త్ర పరిశోధన పేరుతో పాత తెలుగు పత్రికలు చదువుతున్నాను. వేటపాలెం సారస్వత నికేతనంలో దుమ్ము దులిపి బౌండులు తిప్పిన రోజులున్నాయి. ఆ రోజు దాకా నేను నామవాచకాలనే పట్టించుకున్నాను. ‘అబల’, ‘పతిత’, ‘శీలం’, ‘మానభంగం’ – మన స్త్రీవాద చర్చలన్నీ ఈ మాటల చుట్టూనే జరిగాయి. జరగవలసినవే. కానీ ఆ మాటలన్నిటినీ మోసుకొచ్చే చిన్న క్రియను మనం చూడలేదు. అది ఎంత మామూలుదంటే కంటికి ఆనదు.

ఒకే మాట, ఎన్ని వేషాలు

మన భాషలో ‘పడు’ చేయని పని లేదు. వాన పడుతుంది, బోరులో నీళ్లు పడతాయి, కూరలో ఉప్పు పడుతుంది. బాధపడతాం, భయపడతాం, సిగ్గుపడతాం, ఇష్టపడతాం. ఒకరితో ఒకరికి పడదు. మాట పడతాం, దెబ్బలు పడతాం. కష్టపడతాం. వీటిలో ఏ ఒక్కటీ తప్పు మాట కాదు, వీటిని వదిలేసి తెలుగు మాట్లాడటం కుదరదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, వార్తలో ఈ మాట ఎవరికి ఏ వేషంలో దొరుకుతుందన్న దగ్గర.

తెలుగులో ఈ క్రియకు ఒక జత ఉంది. బాధపడు అంటే దాని పక్కనే బాధపెట్టు ఉంది. భయపడు పక్కన భయపెట్టు, ఇబ్బందిపడు పక్కన ఇబ్బందిపెట్టు, కష్టపడు పక్కన కష్టపెట్టు. గాయపడు పక్కన గాయపరచు, పడు పక్కన పడదోయు. అంటే మన భాష ఒకే సంఘటనను రెండువైపులనుంచి చెప్పే వీలు ఇచ్చింది: అనుభవించినవాళ్ల వైపునుంచి ఒకటి, చేసినవాళ్ల వైపునుంచి ఒకటి. పత్రిక ఈ రెండిట్లో ఏది ఎంచుకుంటుందన్నది వ్యాకరణం కాదు, ఎంపిక.

ఈ కింది వాక్యాలు ఏ ఒక్క పత్రికనుంచీ తీసినవి కావు. పత్రిక చదివే అలవాటున్న ఎవరికైనా తెలిసిన అచ్చులు. "కట్నం వేధింపులతో బాధపడుతున్న గృహిణి." వేధిస్తున్నది ఎవరు? "కుటుంబ కలహాలతో మనస్తాపానికి గురై." కలహం ఎవరు పెట్టారు? "తీవ్రంగా గాయపడిన స్థితిలో ఆసుపత్రిలో చేర్చబడింది." గాయపరచిందెవరు, చేర్చిందెవరు? ఇక దశాబ్దాలుగా వింటున్న మరో మాట, "కడుపునొప్పి తాళలేక". ఇందులో ‘పడు’ కూడా అక్కర్లేదు, కడుపే ముద్దాయి. మన జిల్లాలో ఇంతమంది ఆడవాళ్లకు ప్రాణం తీసుకునేంత కడుపునొప్పి ఎందుకు వస్తోందని ఏ వైద్యుణ్ణీ ఏ విలేఖరీ అడగలేదు. అది కడుపునొప్పి కాదని అందరికీ తెలుసు కనక.

మగవాడు కర్త అయినప్పుడు ఇదే క్రియ మరో వేషం కడుతుంది. "ప్రేమించమని వెంటపడ్డాడు", "మోజుపడ్డాడు", "మనసుపడ్డాడు". ఇక్కడ పడేవాడు బాధితుడిలా వినిపిస్తాడు, ఏదో గుంటలో కాలుజారి పడ్డట్టు. నెలల తరబడి ఒక అమ్మాయిని బస్టాపులో, కాలేజీ గేటు దగ్గర బెదిరించటాన్ని ‘వెంటపడటం’ అంటే అది సినిమా పాటలా ఉంటుంది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన తర్వాత కూడా ప్రేమ అన్న మాటను వార్తలు వదల్లేదు. ‘వెంటపడటం’ నేరమని చట్టం ఒప్పుకోవటానికి 2013 దాకా పట్టింది. అప్పుడు చేర్చిన 354డి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను.

పోలీసు దాడుల వార్త సంగతి సరేసరి. మహిళలు ‘పట్టుబడతారు’, విటులు ‘పరారవుతారు’. ఫోటోలో చీర కొంగులతో మొహాలు కప్పుకున్నవాళ్లు ఎప్పుడూ ఆడవాళ్లే. ‘పడుపు వృత్తి’ అన్న మాటలో కూడా చెవికి ఈ క్రియే వినిపిస్తూ ఉంటుంది. సంస్కృతంనుంచి తెచ్చుకున్న ‘పతిత’కు అర్థమూ అదే, పడిపోయినది. ఏ భాషలో చెప్పినా పడినవాళ్లే ఉన్నారు, పడేసినవాళ్లు లేరు.

స్టేషనులో ఫిర్యాదుకు వెళ్లిన స్త్రీకి ఇంకొక వేషం ఎదురవుతుంది: "మొగుడూ పెళ్లాలకు పడటం లేదు." ఒకరు కొడుతున్నారు, ఒకరు తింటున్నారు. ‘పడటం లేదు’ అనగానే ఇద్దరూ సమానమైపోతారు. ఊరి పెద్దల దగ్గరకు వెళితే సామెత సిద్ధంగా ఉంటుంది, పడ్డవాళ్లు చెడ్డవాళ్లు కారని. ఓదార్పులా ఉంటుంది గానీ దాని పని ఆమెను తిరిగి ఆ ఇంటికే పంపటం.

వాడుకభాష గెలిచింది, కర్త రాలేదు

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ తెచ్చారు. 1893లో మొదలైన ‘తెలుగు జనానా’ను రాయసం వెంకటశివుడు నడిపారు. ఈ సంస్కర్తల ధైర్యాన్ని నేను తక్కువ చేయటం లేదు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించటానికి వాళ్లు ఎంత వెలి భరించారో మనకు తెలుసు. కానీ ఆనాటి గ్రాంథిక వచనంలో స్త్రీ దాదాపుగా ఎప్పుడూ ‘బడు’ చివర నిలబడి కనిపిస్తుంది. ఉద్ధరింపబడవలసినది, విద్య గరపబడవలసినది, రక్షింపబడవలసినది. ఆమెను అణచింది ఎవరన్న ప్రశ్నకు వాక్యంలో జవాబు ఉండదు. మహా అయితే ‘దురాచారము’ ఉంటుంది. దురాచారం చేతులున్న మనిషి కాదు, దాన్ని అరెస్టు చేయలేం. ఉద్ధరించేవాడు మాత్రం స్పష్టంగా కనిపిస్తాడు.

1902లో ‘హిందూసుందరి’ వచ్చింది. స్త్రీలే రాయటం, కొన్నాళ్లకు స్త్రీలే సంపాదకులు కావటం మొదలైంది. అదే ఏడు ఆ పత్రికలో కథ అచ్చు వేయించిన భండారు అచ్చమాంబ, స్త్రీలు పుట్టుకతోనే బలహీనులు, తెలివితక్కువవాళ్లు అనే వాదాన్ని ఖండించటానికే ‘అబలాసచ్చరిత్ర రత్నమాల’ రాసింది. పేరులో ‘అబల’ ఉంది, లోపల వాదం దానికి ఎదురు తిరిగింది. చదువు రాకపోవటం వేరు, చదువు చెప్పకపోవటం వేరు అని అడిగిన తరం అది. ‘పడు’ పక్కన ‘పెట్టు’ను వెతకటం మనం మొదలుపెట్టిన పని కాదు.

తర్వాత వాడుకభాషా ఉద్యమం వచ్చింది. అది మన ప్రాంతపు బిడ్డ. విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు – అందరూ ఈ చుట్టుపక్కలవాళ్లే. జనం మాట్లాడే తెలుగే రాయాలన్న వాళ్ల వాదం నెగ్గటానికి చాలా ఏళ్లు పట్టింది. 1930ల్లో తాపీ ధర్మారావు ‘జనవాణి’, తర్వాత ‘ఆంధ్రప్రభ’లో నార్ల వెంకటేశ్వరరావు వాడుకభాషను దినపత్రికలోకి తెచ్చారు. 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ మొదలైంది ఇక్కడే, మా సీతమ్మధార పక్కన నక్కవానిపాలెంలో. అంతకు ముందు పెద్ద తెలుగు దినపత్రికలు ఎక్కువగా విజయవాడనుంచి రైలెక్కి వచ్చేవి. తెల్లారేసరికి గుమ్మంలో పేపరు ఉండటం, దాంట్లో పక్క వీధి వార్త ఉండటం ఈ ఊరికి అప్పుడు అలవాటైంది.

ఈ ప్రయాణంలో ‘చేయబడెను’ పోయింది. కర్మణి వాక్యం తెలుగు నుడికారం కాదని, ‘బడు’ తగిలించి రాయవద్దని జర్నలిజం విద్యార్థులకు తెలుగు నేర్పిన బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్తలు పదేపదే చెప్పారు. సబ్ ఎడిటర్లు విన్నారు. "మానభంగము చేయబడెను" అన్నది "అత్యాచారానికి గురైంది" అయింది. "హత్య చేయబడెను" అన్నది "హత్యకు గురైంది", "దారుణానికి బలైంది", "వేధింపుల పాలైంది" అయింది. చదవటానికి హాయిగా ఉంది. అయితే చూడండి, ‘బడు’ పోయింది గానీ దానితోపాటు దాక్కున్న కర్త బయటికి రాలేదు. గురైంది, బలైంది, పాలైంది, బారినపడింది – వీటిల్లో ఏ ఒక్కటీ "ఎవరు?" అన్న ప్రశ్నను పుట్టనివ్వదు. భాష వాడుకలోకి వచ్చింది, చూపు గ్రాంథికంలోనే ఉండిపోయింది.

నిజానికి వాడుకభాష మాట్లాడే ఆడవాళ్లు ఇలా మాట్లాడరు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మీకు ఇది నాకన్నా బాగా తెలుసు. ఏ స్త్రీ వచ్చి "నేను హింసకు గురయ్యాను" అనదు. "కొట్టీసినాడమ్మా" అంటుంది. "నా మెడ పట్టుకుని గోడకేసి గుద్దినాడు, మా అత్త తలుపేసింది" అంటుంది. ఎవరు, ఏం, ఎక్కడ, దేంతో, అన్నీ ఆ మాటలో ఉంటాయి. మనం కాగితం మీద పెట్టేటప్పటికి అది "శారీరక మానసిక హింసకు గురి చేయబడింది" అవుతుంది. ఆమె తెలుగు మంచి సాక్ష్యం. మన తెలుగు దాన్ని చెరిపేస్తోంది.

రెండు కేసులు

ఇది మాటల పట్టింపు కాదని చూపటానికి మనందరికీ తెలిసిన రెండు కేసులు చాలు.

మొదటిది 1978 నాటి రమీజాబీ కేసు. హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఆమె మీద పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదార్ కమిషన్ విచారణ జరిపి పోలీసులదే నేరమని తేల్చింది. పోలీసుల వైపు వాదన ఎలా సాగిందో గుర్తు చేసుకోండి. ఏం చేశారు అన్న ప్రశ్నను, ఆమె ఎలాంటిది అన్న ప్రశ్నగా మార్చారు. ఆమెది పడుపు వృత్తి అన్నారు. అంటే ఆమె అప్పటికే ‘పడిపోయినది’, ఇక ఆమెను ఎవరు పడేశారన్న ప్రశ్న దేనికని. 1981లో కోర్టు పోలీసులను విడిచిపెట్టింది. మథుర కేసులో 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు, దానిమీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ, ఈ కేసు – ఇవన్నీ కలిసి 1983లో అత్యాచార చట్టాన్ని మార్చాయి. ఆ మార్పులో ముఖ్యమైనది ఏమిటంటే, కస్టడీలో జరిగినప్పుడు తాను ఒప్పుకోలేదని స్త్రీ చెబితే కోర్టు నమ్మి తీరాలి, కాదని రుజువు చేసే భారం నిందితుడిది. అంటే చట్టమే ‘పడు’ వైపునుంచి ‘పెట్టు’ వైపుకు ఒక అడుగు వేసింది.

రెండోది అప్పటి మన జిల్లాది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేశారు. చూడండి, నేను ఇప్పుడు రాసిన వాక్యంలో ఆ మహిళలు కర్తలు: ఫిర్యాదు చేశారు. పోలీసులూ కర్తలే: చేశారని. చట్టప్రకారం నిందితుడు నిందితుడే, ఫిర్యాదు ఫిర్యాదే. ఎక్కడా హద్దు దాటలేదు. మరి ఇన్నేళ్లూ మనకు అలవాటైన మాట ఏమిటి? "వాకపల్లి బాధితులు", "వాకపల్లి ఘటన". ఘటన దానంతట అది జరుగుతుంది, బాధితులు బాధపడుతూ ఉంటారు.

పదహారేళ్ల పాటు ఆ ఆడవాళ్లు కొండ దిగి కోర్టుకు వచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ విచారణ కదలలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూనే, ఆ మహిళలకు నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నష్టం ఉంది, దానికి పరిహారం ఉంది, చేసినవాడు మాత్రం లేడు. ‘పడు’ వాక్యం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది ఆ ఫలితం. గుర్తింపు పెరేడ్ సకాలంలో జరపని దర్యాప్తు కర్తను చెరిపేసింది. చెరిగిన తర్వాత కోర్టు మటుకు ఏం రాయగలదు?

అభ్యంతరాలు

ఈ మాట ఇద్దరు ముగ్గురు పాత్రికేయ మిత్రులతో అన్నాను. వాళ్లు చెప్పిన అభ్యంతరం బలమైనదే. నేరం రుజువు కాకముందు "భర్త చంపాడు" అని రాస్తే పరువునష్టం దావా వస్తుంది, అది న్యాయమూ కాదు, అందుకే "మృతి చెందింది" అని రాస్తామన్నారు. ఒప్పుకుంటాను. నిందితుడి హక్కులు మన ఉద్యమం వదిలేయదగ్గ విషయం కాదు. తీర్పుకు ముందే ఎన్‌కౌంటర్ చేసి చప్పట్లు కొట్టే దేశంలో ఆ హక్కులను మనమే ఎక్కువగా పట్టుకోవాలి.

కానీ దానికి దారి కర్తను మాయం చేయటం కాదు. "భర్త కొట్టి చంపాడని తల్లి ఫిర్యాదు చేసింది", "కాదు, కాలు జారి పడిందని అత్తింటివాళ్లు చెబుతున్నారు." ఈ రెండు వాక్యాల్లో ఎవరి మాట ఎవరిదో తేటగా ఉంది, పత్రిక ఎవరి పక్షమూ తీసుకోలేదు. "ప్రమాదవశాత్తు పడి మృతి" అన్నప్పుడే పక్షం తీసుకుంది. అది అత్తింటివాళ్ల మాట, పత్రిక తన మాటగా రాసింది.

రెండో అభ్యంతరం మన లోపలినుంచే వస్తుంది. "మాట మారితే బతుకు మారుతుందా? పనులు బోలెడున్నాయి." నా జవాబు చట్టంలోనే ఉంది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, ఆమె చావు వెనక వేరొకరి నేరం ఉందన్న అనుమానం ఉన్నా మేజిస్ట్రేటు శవ విచారణ జరగాలని, దగ్గరి బంధువు కోరినా మృతదేహాన్ని పోస్టుమార్టానికి పంపాలని 1983లోనే నేర విచారణ చట్టానికి సవరణ వచ్చింది. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194, 196 సెక్షన్లలో ఉంది. కట్నం చావు నేరం, పాత 304బి, ఇప్పుడు న్యాయ సంహిత 80. క్రూరత్వం నేరం, పాత 498ఏ, ఇప్పుడు 85. ఈ తలుపులన్నీ తెరిచేది ఒకే ఒక తాళంచెవి: అది మామూలు ప్రమాదం కాదేమోనన్న అనుమానం. మొదటి కాగితం మీద ‘పడి’ అని రాస్తే ఆ అనుమానం పుట్టకముందే చచ్చిపోతుంది. ‘పడి’కీ ‘దూకి’కీ ‘తోయగా’కీ మధ్య ఉన్న దూరం ఒక విచారణంత.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్త్రీల గురించిన మూస మాటలను తీర్పుల్లో వాడొద్దని ఒక కరదీపిక తెచ్చింది. మంచి పనే. అందులో ఏ మాట బదులు ఏ మాట వాడాలో జాబితా ఉంది. అయితే మాటలు మార్చినంత మాత్రాన వాక్యం మారదు. "పతిత" తీసేసి "బాధిత" పెట్టాం, వాక్యంలో ఆమె కూర్చున్న చోటు మారలేదు.

మన ఇంటి సంగతి

పత్రికలను అన్నాక మన కాగితాలు కూడా చూసుకోవాలి. మన నివేదికలు తెరిస్తే ఏముంది? "మహిళలకు శిక్షణ ఇవ్వబడింది." "సమస్యలు గుర్తించబడ్డాయి." "అవగాహన కల్పించబడింది." "ఇరుపక్షాల మధ్య రాజీ కుదర్చబడింది." నిధులిచ్చేవాళ్ల కోసం ఇంగ్లీషులో రాసి తెలుగులోకి దించుకున్న ఈ తెలుగులో మనమూ లేము, ఆ ఆడవాళ్లూ లేరు. రాజీ కుదిర్చింది ఎవరు? ఆమె ఒప్పుకుందా, ఒప్పించారా? ఒప్పించినవాళ్లలో మనం ఉన్నామా? ‘కుదర్చబడింది’ అన్న మాట మన బాధ్యతను కూడా దాచేస్తుంది. సంఘంలో వందమంది ఆడవాళ్లు ధర్నా చేసి గెలుచుకున్న రేషన్ కార్డులు నివేదికలో "మంజూరు చేయబడినవి" అవుతాయి. చేసినవాళ్లను చెరపటం పత్రికల ఒక్కదాని అలవాటు కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని గుర్తు చేసుకుంటే ఈ క్రియ ఇంకోలా కూడా బతకగలదని తెలుస్తుంది. ఆ నెలల్లో తెలుగు పత్రికల్లో ఆడవాళ్లు బాధపడలేదు, తిరగబడ్డారు. సారా పాకెట్లు తగలబెట్టారు, వేలంపాటలు ఆపారు, కాంట్రాక్టర్లతో కలబడ్డారు, నిలబడ్డారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేదాకా కదల్లేదు. తిరగబడు, కలబడు, నిలబడు – ఇవి కూడా ‘పడు’ పిల్లలే. కాకపోతే వీటిలో కర్తే పని చేస్తుంది. తప్పు క్రియలో లేదు. ఆడవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు పత్రికలకు ఆ రూపాలు రాయక తప్పలేదు. ఇంట్లో చచ్చిపోయినప్పుడు మాత్రం పాత రూపమే మిగులుతోంది.

అందుకని ఈ పత్రిక పాఠకులకు నా ప్రతిపాదన చిన్నది. ఫిర్యాదు రాసినా, నిజనిర్ధారణ నివేదిక రాసినా, పత్రికా ప్రకటన రాసినా ముందు ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాద్దాం. తర్వాత మనం రాసిన దాంట్లో ‘పడు’, ‘బడు’, ‘గురై’, ‘పాలై’, ‘బలై’ ఉన్న ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టి, దానికి జతైన ‘పెట్టు’ ఏదో అడుగుదాం. తెలిస్తే ఆ పేరుతో రాద్దాం. ఫిర్యాదు మాత్రమే అయితే ఫలానావారు చేశారని ఫలానావారు చెబుతున్నారని రాద్దాం. తెలియకపోతే, తెలుసుకోవలసింది ఎవరో, చెప్పవలసింది ఎవరో రాద్దాం. జిల్లా పేజీల్లో ‘ప్రమాదవశాత్తు’ కనిపించిన ప్రతిసారీ ఆ విలేఖరికి ఫోన్ చేసి "ఎవరు చెప్పారు?" అని మర్యాదగా అడుగుదాం. అతను చెడ్డవాడు కాదు, స్టేషనులో ఇచ్చిన చీటీ చూసి రాస్తాడు. ఎవరో ఒకరు అడుగుతారని తెలిస్తే రెండోసారి తనూ అడుగుతాడు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ మధ్యాహ్నం నాతో అర్జీ రాయించింది. నేను ముందు రాసిన ముక్క చదివి వినిపించాను: మా అమ్మాయి అనుమానాస్పద స్థితిలో మృతి చెందినది కనుక తగు విచారణ జరిపించవలసినదిగా కోరబడుచున్నది. ఇంత చదివిన నేను ‘కోరబడుచున్నది’ అని రాశాను! ఆవిడకు అర్థం కాలేదు. "అలాకాదమ్మా, నాను సెప్పినట్టు రాయండి" అంది. తోసీసినారని రాయమంటారా, మీరు చూశారా అని అడిగాను. చూడలేదంది. కాసేపు ఆలోచించి చెప్పింది. దాన్నే రాశాను. అర్జీలో మిగిలిన భాగమంతా నాది, ఆ ఒక్క వాక్యం ఆవిడది:

"ఆ రాత్రి ఆ ఇంట్లో నలుగురున్నారు. మా పిల్ల నూతిలోకి ఎలా ఎల్లిందో ఆ నలుగుర్నీ అడగండి."

రెండు నెలల తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. ఇచ్చిన సామాన్లు, కొంత డబ్బు తిరిగి ఇప్పించి మాట్లాడేసుకున్నారు. ఆ నలుగుర్నీ ఎవరూ అడగలేదు. కానీ ఆ అర్జీ నకలు నా దగ్గర ఉంది. నా పరిశోధనలో ఏ పాత పత్రికలోనూ అంత సరైన వాక్యం నాకు దొరకలేదు.